మూడో అవును

లెక్కల మాస్టారు పైచదువుకని పరాయి దేశం బయల్దేరేముందు అక్కడి భాషను రెండేళ్ళపాటు బట్టీ పట్టారు. పరీక్షలో నూటికి తొంభై ఆరు! తీరా విమానం దిగాక నోరు పెగల్లేదు. మార్కులు వచ్చేశాక ఇక మాటలెందుకనిపించింది.

"బ్రెడ్డు కొట్టతను ఏదో అడుగుతున్నాడు, చెప్పండి," అంది భార్య.

"తప్పు దొర్లితే? తొంభై ఆరు వచ్చినవాణ్ణి!"

"పోయిన నాలుగూ నోటివేమో!"

దాంతో మాస్టారు ఉపాయం పన్నారు. ఎవరేమడిగినా గంభీరంగా తలాడించి, ఆ భాషలో "అవును" అనెయ్యడమే. "ఇక్కడ చదువుకున్నవాళ్ళు ముక్తసరిగా మాట్లాడతారోయ్," అని ఇంట్లో బుకాయింపు.

మొదటి అవునుకి బుట్టెడు ఉల్లిపాయలు ఇంటికొచ్చాయి. రెండో అవునుకి పక్కవాటా కుక్క వారం రోజులు వీళ్ళింట్లో కాపురం పెట్టింది. మూడో అవును సెలూన్లో అన్నారు. మిషను నుదుటి నుంచి మెడదాకా సాఫీగా వెళ్ళిపోయింది.

టోపీతో ఇల్లు చేరారు. భార్య టోపీ ఎత్తి, నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"మనూళ్ళో నేను నోరు విప్పితే స్టాఫ్‌రూమంతా పొట్ట పట్టుకునేది. ఇక్కడ నేనో మొద్దుని. తిరిగి వెళ్ళిపోదామే."

ఆమె టోపీ మళ్ళీ ఆయన నెత్తిన పెట్టింది. మర్నాడు కిందివాటాలో బట్టలు కుట్టే పెద్దావిడను టీకి పిలిచింది. ఆ భాషలో అక్షరం ముక్క రాదనుకున్న ఇల్లాలు ఆవిడతో గలగలా మాట్లాడుతుంటే మాస్టారు నోరెళ్ళబెట్టారు. ఆయన కాలేజీకి వెళ్ళగానే కిందికి దిగి, ఆవిడకు సాయంగా గుండీలు కుడుతూ నేర్చుకుందట!

సగం మాటలతో, సగం చేతులతో కబుర్లు గుండీల మీంచి గుండు మీదికి మళ్ళాయి.

"మిషను తగలగానే మా ఆయన కుర్చీలోనే భోరుమన్నారు!"

"అబద్ధం!" మాస్టారు ఆ భాషలోనే అరిచారు. "నేను ఏడుపు లేదు! కన్నులో వెంట్రుక పడ్డారు!"

పెద్దావిడ పకపకా నవ్వి, "తరవాత?" అంది. తరవాతేమైందో ఆయనకేగా తెలుసు! చెప్పారు. మాటకో తప్పు దొర్లింది. ఆవిడ దిద్దుతూ నవ్వింది. ఆ నవ్వు కోసం ఆయన ఇంకో మాట వెతుక్కున్నారు. టీ చల్లారిపోయింది.

ఆవిడ వెళ్ళాక అడిగారు. "నేను ఏడ్చానని నీతో ఎవరన్నారే?"

"ఎవరూ అన్లేదు. ఎదుటివాళ్ళు తప్పు చెబితే దిద్దకుండా ఉండలేరుగా మీరు!"

మాస్టారు గుండు తడుముకున్నారు. "రేపు కూడా వస్తుందా ఆవిడ?" అన్నారు మెల్లగా.

"నన్నడిగితే? మీరే వెళ్ళి కనుక్కోండి."

మాస్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టి మెట్లు దిగారు.