ఉప్పలయ్య ఫోటో పెట్టని ఆదివారం

ఆ ఆదివారం ఉప్పలయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా ఫోన్ ముట్టకూడదు, అంతే. త్రిపురారం పక్కన కాలువకు అతను లష్కర్. గట్టు వెంట నడిచి నీళ్లను కనిపెట్టుకుని ఉండటం అతని ఉద్యోగం. నాలుగేళ్లుగా రోజూ పొద్దున ఆరింటికి నీటిమట్టం ఫోటో తీసి రైతుల గ్రూపులో పెడుతున్నాడు. దానికి మెచ్చుకోలుగా వచ్చే బొటనవేళ్లు చూసుకునేసరికి ఎనిమిదవుతుంది. కళ్లు చింతనిప్పుల్లా తయారయ్యాయి. గంటకోసారి ఫోన్ పక్కన పెట్టి దూరంగా చూడమనీ, వారానికొక రోజు అసలే వద్దనీ మిర్యాలగూడ కంటి డాక్టరమ్మ చెప్పింది.

భార్య అన్నమ్మ ఫోన్ లాక్కుని బియ్యం డబ్బాలో పెట్టింది. "మల్ల సాయంత్రమే ఇస్త. ఇయ్యాల కాలువను నీ కండ్లతోటి సూడు," అని అతన్ని గట్టు మీదికి పంపి, ఇంటికి తాళం వేసి చర్చికి పోయింది.

ఆరున్నర దాటినా గ్రూపులో ఫోటో లేదు. వరి పొట్ట మీదుండి, నీళ్లు తప్పకూడని రోజులు. కాలువకు నూరడుగుల దూరంలో ఇల్లున్న కొండల్ సైతం తలుపు తీసి చూడలేదు. "నీళ్లు బంద్ అయినయా?" అని గ్రూపులో రాశాడు. అందరూ ఉప్పలయ్యకు ఫోన్ల మీద ఫోన్లు కొట్టారు. గ్రూపులోని వెంకట్ ఏకంగా ఇంటికే వెళ్లాడు. తలుపుకు తాళం ఉంది, లోపల ఫోన్ మోగుతోంది. ఫోన్ ఒకచోట, మనిషి ఇంకోచోట బతికుండొచ్చని వెంకట్ బుర్రకు తట్టలేదు. "కాలువల పడ్డడేమో" అని పెట్టాడు. నలుగురి ఫోన్లు దాటేసరికి పడ్డాడని ఖాయమైంది. కోదాడలో ఉన్న బామ్మర్ది జయరాజుకు చేరేసరికి శవం కూడా దొరికింది.

ఆ శవం అప్పుడు గట్టు మీద హాయిగా నడుస్తోంది. వరి ఇంత పచ్చగా ఉంటుందని ఉప్పలయ్య మరిచేపోయాడు. కొంగల్ని లెక్కపెట్టాడు. కళ్ల మంట తగ్గింది, చూపు తేటపడింది. సరిగ్గా అప్పుడే గట్టు అవతలి వైపు బుసబుసా పొంగుతున్న నీళ్లు కనబడ్డాయి. ఎండ్రికాయలు గట్టును తొలిచేశాయి. గండి పడితే కింద నలభై ఎకరాల పంట మట్టిపాలే.

కాలువలోకి దిగి బొక్కలో తువ్వాల కుక్కాడు. అది అవతలికి కొట్టుకుపోయింది. అంగీ కుక్కాడు, అదీ పోయింది. చివరికి మెడ దాకా నీళ్లలో కూర్చుని వీపు ఆనించాడు. నీళ్లు ఆగాయి. లేస్తే గండి, లేవకపోతే ఎవరినీ పిలిచే దారి లేదు. "ఇయ్యాల్నేనా ఫోన్ ఇడిసిపెట్టుడు!" అని తనను తానే తిట్టుకున్నాడు.

గంటన్నర గడిచాక గట్టు మీద దుమ్ము లేచింది. ట్రాక్టర్ల మీద యాభై మంది వచ్చారు. శవాన్ని తీయడానికి తాళ్లు, పారలు, బస్తాలు తెచ్చారు. ముందు, చర్చిలో కబురు విన్న అన్నమ్మ ఏడ్చుకుంటూ పరుగెత్తుతోంది. నీళ్లలోంచి తల మాత్రమే కనబడింది.

"నువ్వు బతికే ఉన్నవా?" అన్నాడు కొండల్, కాస్త నిరాశగానే.

"బతికున్న గని లేవను! జల్ది బస్తాలల్ల మట్టి నింపుండ్రి!"

అరగంటలో బొక్క మూసుకుపోయింది. వణుకుతున్న ఉప్పలయ్య, "ఫోనుంటే గప్పుడే పిలుస్తుంటి," అన్నాడు.

"పిలిస్తే వస్తుంటిమా? బొటనవేలు పెట్టి పండుకుంటుంటిమి," అని కొండల్ నిజం ఒప్పుకున్నాడు.

అన్నమ్మ కొంగుతో భర్త తల తుడుస్తూ, "నీ కండ్లు సల్లగుండ!" అంది. నలభై ఎకరాలను ఒక్క వీపుతో ఆపిన మనిషిని చూసి అందరి గుండెలూ నిండిపోయాయి.

అప్పుడే జయరాజు బంతిపూల దండతో ఆటో దిగి, బావను చూసి కొయ్యబారిపోయాడు. "అయ్యయ్యో బావా, బతికే ఉన్నావా! మరి ఈ దండేం చెయ్యాలి?"

"ఏం జేస్తవ్, మెడల ఎయ్యి," అంది అన్నమ్మ. చప్పట్ల మధ్య సన్మానం జరిగిపోయింది.

ఇకమీదట ప్రతి ఆదివారం అందరూ ఫోన్లు ఇంట్లో పెట్టి గట్టు మీద నడవాలని తీర్మానించారు. వెంకట్ ఆ తీర్మానాన్ని అక్కడికక్కడే గ్రూపులో పెట్టాడు. ఉప్పలయ్య చుట్టూ నిలబడ్డ యాభై మందీ తలలు వంచి, ఒక్క నిమిషంలో యాభై బొటనవేళ్లు పెట్టారు.