నా లైసెన్స్ లాక్కున్నందుకు కృతజ్ఞతలు

తాగి కారు నడిపిన ప్రతి పెద్దమనిషి లైసెన్సూ లాక్కోవాల్సిందే. అంతకు మించిన సంక్షేమ పథకం లోకంలో లేదు! అనుభవం మీద చెబుతున్నాను.

ఏడు నెలల క్రితం మా సెక్షన్ హెడ్ రిటైర్మెంట్ లంచ్‌లో రెండంటే రెండే గ్లాసులు పుచ్చుకున్నాను. మూడోది వాళ్లు బలవంతాన పోశారు కాబట్టి అది నాది కాదు. అక్కడి నుంచి నేరుగా స్కూలుకు వెళ్లి మా అమ్మాయిని ఎక్కించుకున్నాను. తండ్రి బాధ్యత మరి!

మలుపులో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి, మెషిన్ నోటి ముందు పెట్టాడు. ఊదమంటే పీల్చాను.

"తాగారా సార్?"

"అబ్బే, దగ్గు మందండీ."

"డాడీ, నీకు దగ్గెప్పుడొచ్చింది?" అంది వెనక సీట్లోంచి మా అమ్మాయి. తొమ్మిదేళ్లకే ఎంత జ్ఞాపకశక్తి!

జడ్జిగారు జరిమానా వేసి, ఆరు నెలలు లైసెన్స్ సస్పెండ్ చేసి, వారం పాటు కూడలిలో బోర్డు పట్టుకుని నిలబడమన్నారు. ఎంత దయ! ఆఫీసుకు నడిచి నడిచి నా పొట్ట కరిగింది. పెళ్లినాటి ప్యాంటు మళ్లీ సరిపోతోంది. ఏ జిమ్ చేయగలదండీ ఈ పని? కారు మా ఆవిడ నడుపుతోంది. పక్కన కూర్చుని, లేని బ్రేకును నేను తొక్కుతున్నాను.

ఇక పేరుప్రతిష్ఠలంటారా? 'తాగి నడపకండి' అన్న బోర్డుతో నిలబడ్డాక నన్ను ఎరగనివాడు లేడు. మా మంగలి బండి ఆపి మరీ అడిగాడు, "ఈ ఉద్యోగం పర్మనెంటా సార్?" అని.

స్కూలు బస్సూ అటే వెళ్లేది. పిల్లలంతా చేతులూపేవారు. అందులోనే ఉన్న మా అమ్మాయి మాత్రం వంగి షూ లేసులు కట్టుకునేది. వారం రోజులూ అదే పని.

నిన్న లైసెన్స్ తిరిగొచ్చింది. ఈ ఉదయం కారు తళతళలాడేలా తుడిచి, తలుపు తీసి పట్టుకుని, "రామ్మా, స్కూల్లో దింపుతా" అన్నాను.

"వద్దు డాడీ, బస్సులో వెళ్తాను" అంది, కొత్తవాళ్లతో మాట్లాడినంత మర్యాదగా.

మా ఆవిడ అప్పుడు చెప్పింది. కానిస్టేబుల్ ఆపిన రోజు మమ్మల్ని తీసుకెళ్లడానికి తను వచ్చేసరికి, కారు ఆగి అరగంటైనా పిల్ల సీటు బెల్టును రెండు చేతులతో పట్టుకునే ఉందట. నేను చూడనేలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

జడ్జిగారూ, మీది మరీ మెతక మనసండీ. ఆరు నెలలని గడువు రాసి, సంతకం పెట్టి ఇచ్చారు. మా అమ్మాయి ఏ గడువూ చెప్పకుండానే బస్సెక్కి వెళ్లిపోయింది!