పాత కప్పుకు కొత్త ఎడిషన్ వర్తించదు

గాలి కోడ్ కొత్త ఎడిషన్ వచ్చిందంటే నాబోటి ఇంజినీరుకు పండగే! ఎవరైనా దాన్ని పీడ అంటే నమ్మకండి.

నా పేరు ప్రేమ్‌చంద్. మాది అమలాపురం పక్క. షార్జాలో ఒక కన్సల్టెన్సీ ఆఫీసులో కూర్చుని, ఒకటి రెండు అంతస్తుల షెడ్లకూ గోడౌన్లకూ గాలి దెబ్బ ఎంతో లెక్క కట్టడం నా పని. ఆ గాలి నాకు తగలదు, మా ఏసీ గది కిటికీ తెరుచుకోదు. గాలి కోడ్ అనే పుస్తకంలో చదువుకుంటాను. ఆ పుస్తకం ఆరేళ్లకోసారి అమెరికాలో మారుతుంది. మా ఆఫీసు దాన్ని అందుకునేసరికి ఇంకొన్నేళ్లు పడుతుంది.

మారితే ఎంత మేలో చూడండి! పాత ఎడిషన్‌లో చదును పైకప్పు మీద గాలి గట్టిగా పీకే మూల భాగం బుద్ధిగా నలుచదరంగా ఉండేది. కొత్తదానిలో అది ఇంగ్లీషు ఎల్ ఆకారంలోకి తిరిగింది. ఆ మూలల్లో రేకును పైకి పీకే బలం కూడా పెంచారు. నిన్నటిదాకా క్షేమంగా ఉన్న కప్పు ఒక్క పీడీఎఫ్‌తో ప్రమాదంలో పడింది. ఈ సంగతి ఎడారి గాలికి ఎవరైనా చెప్పారా? చెప్పక్కర్లేదు. అది ముందునుంచీ అలాగే పీకుతోందట, మేమే ఆలస్యంగా తెలుసుకున్నాం.

పాత పుస్తకాలు వృథా అవుతాయనుకుంటున్నారా? రెండు ఎడిషన్లు నా మానిటర్ కింద ఉన్నాయి. మూడోది కూడా చేరితే నా మెడనొప్పి పూర్తిగా పోతుందని డాక్టరు ఆశ.

అన్నిటికన్నా పెద్ద వరం ఇంకోటుంది. పాత ఎడిషన్‌తో కట్టిన కప్పు అప్పుడు రైటు. కొత్తదానితో కట్టే కప్పు ఇప్పుడు రైటు. మరి తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు! ఇంత దయగల శాస్త్రం లోకంలో ఇంకోటుందా?

ఈ మాటే అల్ నహ్దాలో మా ఫ్లాట్‌లో అన్నం తింటూ మా ఆవిడ రేచెల్‌తో గొప్పగా చెప్పాను. ఆవిడ హాస్పిటల్లో నర్సు. పెరుగు వడ్డించబోయి ఆగింది.

“మా వార్డులో మందు డోసు మారితే పాత పేషెంట్లకి కూడా ఫోన్లు చేస్తామండి. మీరెవరికి చేశారు?”

ఎవరికీ చేయలేదు. 2021లో ఇండస్ట్రియల్ ఏరియాలో పాత ఎడిషన్‌తో నేను సంతకం పెట్టిన గ్యారేజీ షెడ్డు గుర్తొచ్చింది. దాని కింద రోజూ ముప్పై మంది పనిచేస్తారు. పోయిన వారం ఈదురుగాలికి ఆ వీధిలోనే ఇంకో కప్పు మూల లేచిందని విన్నాను, విని ఊరుకున్నాను. సిగ్గేసింది. షెడ్డు కట్టినప్పటినుంచీ అక్కడే ఉన్న జగిత్యాల ఫోర్‌మన్ ఆశన్నకు ఫోన్ చేసి, మూలల్లో రేకులకు ఇంకొన్ని స్క్రూలు పడితే మంచిదేమోనని నసిగాను.

“కట్టేటప్పుడే కొట్టిన సార్,” అన్నాడు ఆశన్న. “గాలి మూలలకాడనే రేకును లేపుతది. మీరే డ్రాయింగుల లేవని తీసెయ్యమన్నరు. తీసి, పొక్కలకు సిలికాన్ పెట్టిన.”

తీసెయ్యమన్న ఆ మెమో నాదే. సంతకం కూడా బాగా కుదిరింది.

“మల్ల కొట్టాల్నంటే రాసియ్యుండ్రి. తియ్యమన్నప్పుడు రాసిచ్చిండ్రు గద.”

సైటులో మార్పులకు వాడే ఫారం తెరిచాను. కారణం అన్న గడిలో ఎడిషన్ నంబరు వేసి బయటపడదామనుకున్నాను. కుదర్లేదు. పాత కప్పుకు కొత్త ఎడిషన్ వర్తించదని మా ఆఫీసు రూలు, రాసింది నేనే. ఇరవై రెండేళ్ల సర్వీసులో మొదటిసారి ఆ గడిలో ‘ప్రేమ్‌చంద్ పొరపాటు’ అని రాసి, ఒక కాపీ ఆశన్నకూ ఒకటి ఇక్కడ ముదీర్ అని పిలిచే మా మేనేజరుకూ పంపాను.

కారణం గడిలో కోడ్ క్లాజు నంబరు లేదని ముదీర్ ఫారం తిప్పి పంపాడు. అప్పటికే ఆశన్న నాలుగు మూలల్లోనూ స్క్రూలు బిగించేసి కప్పు దిగాడు.