ఆగిపోయిన సందేశాలు: సున్నా

మాట్లాడటం నేర్చిన నాటి నుంచీ మానవజాతి అపార్థాలతోనే బతుకుతోందని గుర్తించిన పంపుల కంపెనీ యాజమాన్యం, మూడేళ్ల కిందట ఒక బుధవారం ఆ సమస్యను భోజనవేళకు ముందే పరిష్కరించింది. కొనుగోళ్లు, గోడౌన్, సిబ్బంది విభాగం, గేటు, ఈ నాలుగింటి సాఫ్ట్‌వేర్లూ ఇకపై ‘ఉమ్మడి సందేశ వాహిని’ ద్వారానే మాట్లాడుకోవాలి. (మనుషులు మాట్లాడుకోవడంపై నిషేధమేమీ లేదు. దానికి వేరే ఫారం ఉంది.)

చిక్కల్లా ఒక్కటే. కొనుగోళ్ల వారు నట్లను కిలోల్లో కొంటారు, గోడౌన్ వారు ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. రెండు కిలోలొచ్చాయని వాహిని చెబితే గోడౌన్ సాఫ్ట్‌వేర్ అర్థం చేసుకోదు, పోనీ ఇదేమిటని అడగదు. సందేశాన్ని వెనక్కి కొడుతుంది. అలా తిరిగొచ్చినవాటిని అచ్చు తీసి, ట్రేలో వేసుకుని, మెట్లెక్కి దిగి, అడిగి, చేత్తో ఎక్కించే పని ట్రే అక్కది. కంపెనీలో ఆమె పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగి. ఆమె మోకాళ్ల పుణ్యమా అని గోడ మీది బోర్డులో ‘ఆగిపోయిన సందేశాలు: సున్నా’ అని పచ్చగా వెలుగుతుండేది. దాన్ని చూడటానికి వేరే కంపెనీల వాళ్లు కూడా వచ్చేవారు. (ఆ పూట అక్కను క్యాంటీన్‌లో కూర్చోబెట్టేవారు.)

పర్మనెంట్ అయితే అత్తగారి కంటి ఆపరేషన్ కంపెనీయే చేయిస్తుందని అక్క ఆశ. ఆవిడ రోజూ సాయంత్రం కోడలి అడుగుల చప్పుడు పోల్చుకుని, ఉత్తర్వు వచ్చిందా అని అడిగేవారు.

చివరికి వచ్చింది. వాహినిలోనే వచ్చింది. ఇప్పటికే లోపలున్న మనిషి కొత్తగా ఎలా చేరుతుందంటూ గేటు సాఫ్ట్‌వేర్ దాన్ని వెనక్కి కొట్టింది. కాగితం నేరుగా అక్క ట్రేలోనే పడింది. సంతోషంతో ఆమెకు కాలు నేల మీద నిలవలేదు. పట్టుకుని లేచేలోపే ముఖ్య అనుసంధానాధికారి ఆపాడు.

“మీ కాగితం మీరే ముట్టుకోకూడదమ్మా. నియమం.”

“మరెవరు ముట్టుకోవాలి సార్?”

“ఈ పని చేసే ఇంకొకరు. కాకపోతే, ఇదంతా వాహినే చేస్తోంది, మనుషులెవరూ చేయడం లేదని పైవాళ్లకు రాసిచ్చేశాం కదా.”

కాగితం ట్రేలోనే ఉండిపోయింది. బోర్డు మీద సున్నా పోయి ఎర్రగా ఒకటి వెలిగింది. వెంటనే విచారణ సంఘం వేశారు. ఒక సందేశం అప్పటికి పద్దెనిమిది రోజులుగా ఆగి ఉండటానికి ట్రే దగ్గరి మనిషి నిర్లక్ష్యమే కారణమని తేలింది. సంఘం ఎదుట అక్కకు ఏడుపొచ్చింది గానీ, ఫారంలో దానికి గడి లేదు.

తొలగింపు ఉత్తర్వు శుక్రవారం ఉదయం వాహినిలో బయలుదేరి, ఎవరి చేయీ పడకుండా, నాలుగు విభాగాలకూ ఒకే క్షణంలో చేరింది. మూడేళ్లలో వాహిని సొంతంగా చేసిన పని అదొక్కటే.