అరచుట్టు బిగింపునకు దరఖాస్తు

ఊడిన వైరును ఊడిందని అనడానికి కళ్లు చాలవనీ, అధికారం కావాలనీ లోకానికి మొదట చాటింది 2006లో నంద్యాలలో రోబో పోటీ పెట్టిన సంఘమే. ఇందుకోసం ఆ సంఘం పదకొండు నిబంధనలు రాసింది. (పన్నెండోది జిరాక్సులో పడలేదు.)

ఆళ్లగడ్డ నుంచి వచ్చిన డిప్లొమా విద్యార్థిని భ్రమరాంబికకు నిబంధనలతో పేచీ లేదు. గెలిస్తే హైదరాబాదు పోటీకి పంపుతారు. ఆమెకిది ఆఖరి సంవత్సరం, మళ్లీ అవకాశం రాదు. ఆరు నెలలు ఆ రోబోతోనే కాపురం చేసింది. పొద్దున తనిఖీలో ‘అన్ని కనెక్షన్లూ బిగుతు’ అని ముద్ర కూడా వేయించుకుంది.

తనిఖీ కాగానే కన్వీనర్ ఆదినారాయణ రోబోలకు పసుపు కుంకుమ పెట్టి, దిష్టి తగలకుండా తలా ఒక నిమ్మకాయ కట్టాడు. కట్టడానికి చేతికందింది బ్యాటరీ వైరే. వచ్చినవి రెండే రోబోలు కాబట్టి మొదటి ఆటనే ఫైనల్ అన్నారు. ఇరవై నిమిషాల గడువులో అవతలి గీత దాటాలి. భ్రమరాంబిక రోబో రెండడుగులు వేసిందో లేదో నిమ్మకాయ ఊగింది, వైరు ఊడి చట్రానికి తగిలింది, బ్రేకర్ పడిపోయి రోబో ఆగింది. ఎదుటి శిరివెళ్లవాళ్ల రోబో బయలుదేరకముందే తన నిమ్మకాయ ధర్మాన నిలిచిపోయింది.

ఆమె స్క్రూడ్రైవర్ తీసేసరికి ఆదినారాయణ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఏమ్మా, ఏం చేస్తాండావ్?”

“వైరు ఊడింది సార్. అరచుట్టు తిప్పితే సాలు.”

“బిగుతుగా ఉందని పొద్దున్నే రాసినాం గదా. రాసినాక ఎట్ల ఊడ్తాది?”

ఊడినట్టు ఎలక్ట్రీషియన్ ఇస్సాకు ధ్రువీకరించాలట. ఇస్సాకు భోజనానికి పోయాడు. (భోజనానికి అనుమతి అక్కర్లేదు, అది ఆరో నిబంధన.) ఈలోగా మూడు ప్రతుల్లో దరఖాస్తు పెట్టమన్నారు. కారణం గడిలో ఆమె ‘నిమ్మకాయ’ అని రాసింది. సంఘం కట్టినదాన్ని కారణంగా చూపరాదని కాగితం తిప్పి పంపారు. శిరివెళ్లవాళ్లు బుద్ధిగా రెండో ప్రతి రాస్తున్నారు.

గడువు ఇంకో నిమిషముంది. భ్రమరాంబికకు ఏడుపొచ్చింది, దాని వెనకే ఒళ్లు మండింది. ఎవరి మొహమూ చూడకుండా వంగి స్క్రూ అరచుట్టు బిగించి, బ్రేకర్ ఎత్తింది. రోబో నిమ్మకాయ ఊపుకుంటూ పోయి గీత దాటింది. జనం ఈలలు వేశారు.

సంఘం అప్పటికప్పుడు సమావేశమై, అనుమతి లేకుండా రోబోను కదిలించినందుకు ఆమెను పోటీ నుంచి తొలగించింది. ఆఖరి నిమిషం దాకా అంగుళమైనా కదలకుండా నిబంధనలన్నీ పాటించిన శిరివెళ్ల రోబోను ఏకగ్రీవంగా హైదరాబాదుకు పంపింది.