సర్వరీ బేగం గారి నెట్ బంద్

ఆ ఉదయం సబ్రీన్ వంటింట్లోకి వచ్చి అత్తగారికి ఒకే ఒక్క పని చెప్పింది. పది గంటల నుంచి మధ్యాహ్నం నమాజు వేళ దాకా ఇంటి వైఫై తనకొక్కదానికే కావాలి, గల్లీవాళ్లకు కొంచెం చెప్పి ఉంచాలి. అంతే. చెప్పేసి, చాయ్ కప్పు పట్టుకుని మేడ మీది గదిలోకి వెళ్లిపోయింది. చెప్పిన పని చెప్పినట్టు జరుగుతుందని ఆమెకు నమ్మకం. కంప్యూటర్ల విషయంలో అలాగే జరిగేది కూడా.

ఆమె పని చేసే కంపెనీ హైదరాబాదు అవతల ఒక పెద్ద డేటా సెంటర్ నడుపుతుంది. లక్షల మంది ఫొటోలు, ఫైళ్లు దాచే కంప్యూటర్లు అక్కడ బారులు తీరి ఉంటాయి. వాటిని ఒకదానితో ఒకటి కలిపే పెట్టెలను స్విచ్‌లంటారు. ఒకప్పుడు పెట్టె ఏ కంపెనీదైతే లోపలి సాఫ్ట్‌వేర్ కూడా ఆ కంపెనీదే. దాని భాష దానికే తెలుసు. ఇప్పుడు అందరూ కలిసి రాసుకునే, అందరికీ తెరిచి ఉండే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఎవరు చేసిన పెట్టె అయినా ఒకే మాట వింటుంది. ఆ వీలు చూసుకునే సబ్రీన్ ఒక ప్రోగ్రాం రాసింది. అది ఒక్కో స్విచ్ మీద నడిచే రాకపోకలను పక్క స్విచ్ మీదికి మళ్లించి, ఖాళీ అయినదానిలో కొత్త సాఫ్ట్‌వేర్ వేస్తుంది. ఆ తర్వాత దాని ఒళ్లు ఎలా ఉందో చూస్తుంది. బాగుంటే తిరిగి పనిలో పెడుతుంది. బాగాలేకపోతే పక్కన కూర్చోబెట్టి, సంగతి పైవాళ్లకు తెలియజేసి, తన దారిన తాను ముందుకు పోతుంది.

వందల స్విచ్‌ల మీద అది నడవడం ఈరోజే మొదటిసారి, అదీ కంపెనీ పెద్దలు వీడియో కాల్‌లో చూస్తుండగా. సబ్రీన్ పై అధికారి ప్రణయ్‌కు ప్రోగ్రాం మీద అంత గురి లేదు. మనిషి కన్నార్పకుండా చూస్తూ, ఆపే బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చోవాలన్నాడు. ఏ మాత్రం తేడా వచ్చినా ఇంటినుంచి పని చేయడం మానేసి, వచ్చే నెల నుంచి హైదరాబాదు ఆఫీసులోనే ఉండాలన్నాడు. భర్త అజహర్‌ది జహీరాబాద్ బజారులో చెప్పుల దుకాణం. దాన్ని నెత్తిన పెట్టుకుని హైదరాబాదు పోలేడు. అంటే, ఈ ఒక్క పూట సరిగ్గా జరగకపోతే భార్యాభర్తలు చెరో ఊళ్లో కాపురం పెట్టాల్సిందే.

ఇక వైఫై సంగతి. గల్లీలో నాలుగైదు ఇళ్లవాళ్లు దాన్నే వాడుకుంటారు. పాస్‌వర్డ్ పంచిపెట్టింది అత్తగారు సర్వరీ బేగమే. దాన్ని మార్చేద్దామని సబ్రీన్ ఒకసారి అంటే, ఇచ్చింది వెనక్కి తీసుకునే వంశం కాదు మనదని ఆవిడ నాలుగు రోజులు ముభావంగా ఉంది. అలాంటి మనిషి ఇప్పుడు గుమ్మం గుమ్మానికీ వెళ్లి "మా వైఫై వాడకండి" అని ఏ నోటితో అంటుంది?

ఎదురింటి మణెమ్మ వాకిట్లో ఆవిడ చాలాసేపు కరివేపాకు గురించి మాట్లాడింది. ఆఖరికి మర్యాద చెడకుండా ఒక దారి దొరికింది.

"మణెమ్మా, ఈరోజు నెట్ బంద్ ఉంటదంట. ఏదో పని నడుస్తున్నదంట. నమాజు దాకా ఎవ్వరం ఫోన్ల జోలికి పోవద్దు."

ఎవరి నెట్ అన్నది ఆవిడ చెప్పలేదు. మణెమ్మ అడగలేదు. కోడలు ఆ కంప్యూటర్ల పనిలోనే ఉన్న ఇంటినుంచి వచ్చిన మాట కాబట్టి ఊరందరి నెట్టే అనుకుంది. జొన్నలు పట్టించుకోవడానికి పిండి గిర్నీకి పోయి అక్కడ చెప్పింది. గిర్నీ దగ్గర ఝరాసంగం నుంచి షేర్ ఆటోల్లో వచ్చినవాళ్లున్నారు. పిండి సంచులు ఇళ్లకు చేరకముందే మాట బస్టాండుకు చేరింది, అక్కడినుంచి బజారుకు పోయింది. దుకాణాల వాళ్లు ఫోన్‌తో డబ్బు కట్టే క్యూఆర్ బొమ్మల మీద గుడ్డలు కప్పి, చిల్లర నోట్లు ఉంటేనే రమ్మన్నారు. ఏటీఎం ముందు వరస మలుపు దాకా పెరిగింది.

అజహర్ మొదట నమ్మలేదు. తన భార్యకు తెలియకుండా నెట్ ఎలా బంద్ అవుతుందని వాదించాడు. ఆమెకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. తల్లికి చేశాడు. ఆ సమయానికి మణెమ్మ గిర్నీ నుంచి తిరిగొచ్చి సర్వరీ బేగం పక్కనే కూర్చుని ఉంది. మణెమ్మ వింటుండగా బంద్ ఏమీ లేదనడం కుదరదు.

"ఔ బేటా, బంద్ ఉన్నది. జర నమాజు దాకా ఓపిక పట్టు," అన్నది ఆవిడ.

అజహర్ వెంటనే అట్టముక్క మీద "నెట్ లేదు, నగదు మాత్రమే" అని రాసి వేలాడదీశాడు. అది చూశాక బజారులో అనుమానం ఉన్నవాళ్లకు కూడా తీరిపోయింది.

ఇళ్లకు నెట్ కేబుల్ వేసే రేవణసిద్ధప్పకు ఆ గంటలో వచ్చినన్ని ఫోన్లు పెళ్లినాడు కూడా రాలేదు. తాను ఏదీ బంద్ చేయలేదని ఆయన మొత్తుకుంటే, లోపలి సంగతి దాస్తున్నాడనుకున్నారు. మాట ఎక్కడ పుట్టిందో విచారించుకుంటూ, నిచ్చెనతో సహా సబ్రీన్ వాళ్ల గల్లీకి వచ్చాడు. అప్పటికి అక్కడ పది మంది జమయ్యారు.

"బేగమమ్మా, నీ ఇంట్ల నెట్ వస్తున్నదా లేదా? ఒక్క మాట చెప్పు. ఊరంత నన్ను తిడుతున్నది."

సర్వరీ బేగం మణెమ్మ వైపు చూసింది. మణెమ్మ ఆవిడ వైపే చూస్తోంది.

"వస్తలేదు రేవణా," అన్నది బేగం.

అయితే తప్పు స్తంభం మీది డబ్బాదే అయి ఉంటుందని రేవణసిద్ధప్ప తేల్చుకున్నాడు. పైకెక్కి డబ్బా విప్పాడు. అందులోని తీగలన్నీ ఒక్కసారే ఊడదీశాడు.

మేడ మీద సబ్రీన్ తెర కొయ్యబారిపోయింది. అప్పటికి సగానికి పైగా స్విచ్‌లు పచ్చగా మారి ఉన్నాయి. పెద్దలు బొమ్మల్లా ఆగిపోయారు. ప్రణయ్ నోరు తెరిచి ఆగిపోయాడు. ఆమె కంగారు పడలేదు, ఫోన్ నెట్‌తో కలిపి చూసింది. కలవలేదు. నెట్ ఉందో లేదో కనుక్కోవడానికి ఊరు ఊరంతా ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటూ ఉండటంతో సెల్ టవర్ కూడా చేతులెత్తేసింది. ఆపే బటన్ మీద వేలు ఉంది కానీ, ఆ వేలు ఇప్పుడు దేన్నీ ఆపలేదు.

కిందికి దిగి వాకిట్లోకి వచ్చి, నిచ్చెన మీది మనిషిని, కింది జనాన్ని, చివరికి అత్తగారిని చూసింది.

"చూసినవా బిడ్డా," అన్నది మణెమ్మ, "మీ అత్త పొద్దుగాలనే చెప్పింది, బంద్ ఉంటదని. అచ్చం గట్లనే అయింది."

సర్వరీ బేగం కోడల్ని లోపలికి తీసుకుపోయి తలుపు దగ్గరగా వేసింది.

"మా నెట్ వాడకున్రి అని ఎట్ల చెప్పాలె బేటా? నోరు రాలె. నన్ను ఏమన్న అను. కని వాళ్ల ముందట అనకు."

సబ్రీన్ మెల్లగా బయటికి వచ్చి, రేవణసిద్ధప్పను తొందరపడకుండా ఒక్కో తీగా దాని చోట దాన్ని పెట్టమంది. తొందరలో ఒకదాని చోట ఒకటి పెడితే మళ్లీ మొదలుకొస్తుందని చెప్పి, నిచ్చెన కదలకుండా తానే పట్టుకుంది. ప్రోగ్రాం తాను రాసింది. తనను అడక్కుండా నడిచేటట్టే రాసింది. నడవకపోతే మాత్రం సామాను సర్దుకోవాలి.

తీగలన్నీ కుదిరి తెర మళ్లీ కదిలేసరికి స్విచ్‌లన్నీ పచ్చగా ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి మధ్యలో మొరాయించింది. ప్రోగ్రాం దాన్ని పక్కన కూర్చోబెట్టి, దాని పని పక్కవాటికి పంచి, ప్రణయ్‌కు కబురు పంపి, మిగతావి పూర్తి చేసింది. వాడేవాళ్లలో ఒక్కరికి కూడా ఏమీ తెలియలేదు. కంపెనీ పెద్దాయన చప్పట్లు కొడుతున్నాడు.

"నడుమ మనిషి లేకుంటే ఏం చేస్తదని నేనే అడుగుదామనుకున్న. అడగకముందే లైను తీసేసి చూపించిన్రు. గుండె ధైర్యం కావాలె దీనికి."

"ముందే అనుకున్నం సార్," అన్నాడు ప్రణయ్.

సబ్రీన్‌కు అబద్ధం రుచించదు. "కాదు సార్, మా గల్లీల కేబుల్ ఆయన వైర్లు పీకిండు," అన్నది.

పెద్దాయన పడీ పడీ నవ్వాడు. ఇంత పని చేసి ఇంత అణకువా అని మెచ్చుకున్నాడు. ప్రణయ్ కూడా నవ్వాడు, ఆమెకంటే కొంచెం ఎక్కువ వినయంగా.

బజారులో గుడ్డలు తొలగాయి. రావలసిన వేళకంటే ముందే నెట్ తెప్పించినందుకు రేవణసిద్ధప్పకు టీ హోటల్లో చాయ్ పోయించారు. సాయంత్రం చెప్పుల దుకాణం మూసి వచ్చిన అజహర్, ఏమైందని నేరుగా అడగలేక, అన్నం తింటూ భార్య ముఖం చూస్తూ కూర్చున్నాడు. ఆమె ఫోన్ అతని చేతికిచ్చింది. అప్పుడే ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది.

లైను తీసేసి చూసే పరీక్ష అక్కడే బాగా కుదురుతుంది కాబట్టి, పెద్ద మార్పులు చేసే రోజుల్లో ఇంజనీర్ సబ్రీన్ జహీరాబాద్ దాటకూడదనీ, హైదరాబాదు ఆఫీసుకు రాదలిస్తే ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలనీ అందులో ఉంది.