మూడోసారి గుర్రుమన్నదెవరు

రండి, దగ్గరికి జరగండి, ఆ గుసగుసలు కాసేపు గూట్లో పెట్టండి. మూలనున్న వదినగారూ, మీక్కూడా చెబుతున్నా. లోకంలో ప్రతి ప్రాణీ ముందు పళ్లు మొలిపించుకుని, అనుమతి సంగతి తర్వాత ఆలోచిస్తుంది. ఈ అరాచకాన్ని అరికట్టడానికే ఒక కాలనీలో పళ్ల పర్యవేక్షణ విభాగం వెలిసింది.

దాని నిబంధన ఒక్కటే. పసిపిల్లలున్న ఇంట్లో కుక్కపిల్ల గుర్రుమంటే ఆ రోజే రాసివ్వాలి. ఒకే ఇంట్లో మూడోసారి గుర్రుమన్న ప్రాణిని కాలనీ పొలిమేర దాటించాలి. (పిల్లల మీద పెద్దవాళ్లు ఎన్నిసార్లు గుర్రుమన్నా లెక్కలోకి రాదు. దాన్ని పెంపకం అంటారు.)

ఆ కాలనీలో ఉండే దర్జీకి నాలుగేళ్ల కూతురు చిట్టి, మూడు నెలల కుక్కపిల్ల బుడంకాయ. ఒకరు కనబడకపోతే రెండోవాళ్లకి ముద్ద దిగదు. బుడంకాయ ఒకరోజు ఆటలో చిట్టి చెయ్యి కొరికి, గుర్రుమంది. ఇంకొకడైతే చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. దర్జీ మాత్రం ఆ గాటుకి టేపు పెట్టి, "పావంగుళం. చిరుగు లేదు. కుట్టు అక్కర్లేదు" అని రాసి స్వయంగా ఇచ్చొచ్చాడు. రెండోసారీ అంతే.

విభాగం ఆఫీసరు కళ్లజోడు సవరించుకుని, "కొలత దివ్యంగా ఉందయ్యా! ఇంకొక్కటి తెచ్చావంటే ఫైలు పూర్తవుతుంది" అని మెచ్చుకున్నాడు.

అప్పుడు పడింది దర్జీకి గుండెల్లో రాయి.

"నీ నిజాయితీ మండిపోనూ!" అని ఇంట్లో తల్లి తలంటేసింది. "అది వెళ్లిపోతే నీ కూతురు అన్నం ముడుతుందట్రా?"

తిట్టడం అయ్యాక ఆవిడే రంగంలోకి దిగింది. మిషను కింది పేలికలు జడలా అల్లి బుడంకాయ నోటికిచ్చింది. చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకుంది.

"దానికి పళ్లొస్తున్నాయే, చిగుళ్లు సలుపుతాయి. కొరకబోతే కేకలెయ్యకు, పరిగెత్తకు. కదలకుండా నించుని పేలిక ఇయ్యి. అది తింటుంటే గిన్నె జోలికెళ్తావా?"

"ఊహూఁ. గుర్రుమంటుంది."

"అంటే ఏంటట?"

"నా జోలికి రాకు అని, నానమ్మా."

"నా బంగారమే! అలా అన్నప్పుడు తిట్టకు. మెల్లగా అవతలికి జరుగు."

పది రోజుల్లో ఇల్లు సద్దుమణిగింది. ఆ ఇంటినుంచి కాగితాలు రావడం మానేసేసరికి విభాగానికి అనుమానం వచ్చింది. ఆఫీసరే తనిఖీకి దిగాడు. అప్పుడే బుడంకాయ గిన్నెలో తల దూర్చింది.

"ప్రశాంతత పరీక్ష," అన్నాడు ఆఫీసరు. "తింటుండగా గిన్నె లాగాలి."

"సార్, నా కంచం లాగితే నేనూ ఊరుకోను!" అన్నాడు దర్జీ.

"మీకు ఫారం లేదండీ," అంటూ ఆఫీసరు వంగి గిన్నె లాగాడు.

దర్జీ గట్టిగా కళ్లు మూసుకున్నాడు. గుర్ర్‌ర్ మని వినబడనే వినబడింది. అయిపోయింది, బుడంకాయకి నూకలు చెల్లాయి అనుకుంటూ కళ్లు తెరిచాడు. చూస్తే బుడంకాయ ఆఫీసరు బూటు నాకుతోంది. గిన్నె ముందు మోకాళ్ల మీద వంగి, పళ్లన్నీ బయటపెట్టి చిట్టి ఉంది.

"ఏమిటే అది?"

"దానికి చెప్పడం రాలేదు నాన్నా. అందుకని నేను చెప్పా."

ఆఫీసరు నిబంధనల పుస్తకం అటూ ఇటూ తిరగేశాడు. "ఒకే ఇంట్లో మూడోసారి గుర్రుమన్న ప్రాణిని దాటించాలి అని ఉంది. ఏ ప్రాణి అని లేదు," అని, చిట్టి పేరు రాసి, ఉత్తర్వు దర్జీ చేతిలో పెట్టాడు. సోమవారం పదింటికల్లా పొలిమేర దాటాలి. కుక్కపిల్ల మీద ఫైలు మూసేశారు.

"సార్, అది నా కూతురు!"

"అయితే యజమాని మీరేనన్నమాట. ఇక్కడ సంతకం పెట్టండి."

దర్జీ గుమ్మానికి చేరగిలబడిపోయాడు. ఇస్త్రీ బట్టల మూటతో అటుగా పోతూ ఆగిన పెద్దమనిషి అంతా విని, జాలిగా అతని భుజం తట్టాడు.

"ఊరుకోండి దర్జీగారూ. ఆడపిల్ల ఎప్పటికైనా వెళ్లిపోయేదేగా. కుక్కపిల్ల దక్కింది, అది సంతోషించండి!"